ఇంటి సాలగ్రామాలు, నిత్యారాధన నియమాలు: ఎక్కడ పట్టు, ఎక్కడ విడుపు?

గౌతమీతీరం:
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ముత్తాతగారి నాటి నుంచి నాలుగు సాలగ్రామాలకు నిత్యారాధన జరుగుతోంది. మా నాన్నగారు తెల్లవారుజామునే ముందురోజు ఆరేసిన మడిపంచె కట్టుకొని, పురుషసూక్తంతో అభిషేకం చేసి, ఇత్తడి గిన్నెలో మడితో వండిన అన్నం మహానైవేద్యం పెట్టిన తరువాతనే కాఫీ అయినా ముట్టేవారు. వారు నిరుడు కాలం చేశారు. నేను హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగిని. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ ఉంటుంది. తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. నియమం తప్పితే ఇంటికి మంచిది కాదనీ, చేతకాకపోతే వెంటనే మఠానికి ఇచ్చేయమనీ బంధువులు అంటున్నారు. నా భార్య తాను చేస్తానంటే, స్త్రీలు సాలగ్రామాన్ని తాకకూడదని వారే అడ్డుపడుతున్నారు. ఇందులో శాస్త్రం చెప్పినది ఎంత, మా ఇంటి అలవాటు ఎంత అన్నది నాకు తేలడం లేదు. సడలించుకోదగిన నియమం ఏది, సడలించరానిది ఏది, దానిని నిర్ణయించవలసినది ఎవరు? తెలిసినవారు చెప్పగలరు.

పాతపంచాంగం:
గౌతమీతీరం గారికి ఆశీస్సులు. మీరు అడిగిన ప్రశ్నలో మూడు రకాల నియమాలు కలగలిసి ఉన్నాయి కనుక ముందు వాటిని విడదీద్దాం. సాలగ్రామం విషయంలో గ్రంథాలు చెప్పేది ఒకటి. అది గండకీ నదిలో లభించే స్వయంవ్యక్త మూర్తి కనుక దానికి ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు. పూజకు ముందు ఆవాహన, చివర ఉద్వాసన కూడా ఉండవు. పగిలినా, అంచు విరిగినా దోషం లేదు. సంఖ్య విషయంలో మాత్రం సరిసంఖ్యలో పూజించాలని, అందులో రెండు పనికిరావని, బేసిసంఖ్య కూడదని, అందులో ఒకటి మాత్రం పనికివస్తుందని శ్లోకం ఉంది. మీ ఇంట నాలుగు ఉండడం ఆ లెక్కకు సరిపోయింది. అభిషేకం, గంధం, తులసి, ధూపదీపాలు, నైవేద్యం అన్నవి రెండవ రకం; ఇవి ఏ పూజకైనా ఉన్నవే. శక్తి ఉన్నవాడు షోడశోపచారాలు చేస్తాడు, లేనివాడు గంధపుష్పాదులైన అయిదింటితో ముగిస్తాడు. ఇక తెల్లవారుజాము, మడిపంచె, ఇత్తడి గిన్నెలో వండిన అన్నం, అప్పటిదాకా కాఫీ ముట్టకపోవడం అన్నవి మీ నాన్నగారు తమ పెద్దల నుంచి అందుకొని నిష్ఠగా నిలబెట్టిన గృహాచారాలు. అవి గౌరవించదగినవే అయినా, వాటిలో ఒకటి తప్పినంత మాత్రాన ఆరాధన తప్పినట్లు కాదు.

అలాగని నియమమే వద్దనడానికి వీలులేదు. ఏది కార్యమో ఏది అకార్యమో తేల్చడానికి శాస్త్రమే ప్రమాణమని గీత పదహారవ అధ్యాయం చివర స్పష్టంగా ఉంది. ఏమీ జరపలేని స్థితి నిజంగా వస్తే, జరపగలిగిన వారికి ఇవ్వడం దోషం కాదు. మీ పరిస్థితి అంతవరకు వచ్చిందని నాకు అనిపించడం లేదు.

నిర్గుణపథికుడు:
పెద్దలు మన్నించాలి. ఈ చర్చ ఎప్పుడు మొదలైనా మడిపంచె దగ్గర మొదలై మడిపంచె దగ్గరే ఆగిపోతోంది. పత్రమో పుష్పమో ఫలమో తోయమో భక్తితో ఇస్తే స్వీకరిస్తానని చెప్పినవాడు ఏ గిన్నెలో వండాలో చెప్పలేదు. శ్రీకాళహస్తిలో తిన్నడు, అంటే మన కన్నప్ప, పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతో అభిషేకం చేశాడు, తాను రుచి చూసిన మాంసం నివేదించాడు, తలలో తురిమి తెచ్చిన పూలు పెట్టాడు, చివరకు గుర్తు తప్పకుండా ఉండడానికి శివుడి కంటి మీద చెప్పుకాలు మోపాడు. ఆగమం, అంటే ఆలయపూజా శాస్త్రం, తెలిసిన పూజారి శివగోచరికి దక్కనిది అతనికి దక్కింది. ఆత్మశుద్ధి లేని ఆచారమెందుకని వేమన అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ మన దగ్గర సమాధానం లేదు. గౌతమీతీరం గారు రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి, కాళ్లు కడుక్కొని, రెండు తులసిదళాలు వేసి కళ్లు మూసుకుంటే చాలదని చెప్పే అధికారం ఎవరికి ఉంది?

ఆగమవిద్యార్థి:
నిర్గుణపథికుడు గారు కన్నప్పను ప్రస్తావించారు కనుక, ఆ కథ తరువాత ఆ క్షేత్రంలో ఏమి జరిగిందో కూడా చూడాలి. శ్రీకాళహస్తి మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలలో స్వామికి ధ్వజారోహణం జరగడానికి ముందే కన్నప్ప కొండ మీద భక్తుడికి ధ్వజారోహణం జరుగుతుంది. ఇంతటి గౌరవం ఇచ్చిన ఆ ఆలయమే మాంస నివేదనను విధిగా చేసుకోలేదు. పైగా అక్కడి మూలలింగాన్ని అర్చకులు సైతం చేతితో తాకరు. భక్తుడిని నెత్తిన పెట్టుకున్నారు, ఆయన పద్ధతిని మాత్రం మరొకరికి విధించలేదు. ఇందులో కపటం ఉందని నేను అనుకోను. కన్నప్ప చేసినది కన్నప్ప స్థితిలోనే సాధ్యం. తన కన్ను పెకలించి ఇవ్వగలిగినవాడి పుక్కిటి నీటిని, బద్ధకించి కుళాయి దగ్గరకు వెళ్లనివాడు ఆదర్శంగా తీసుకోలేడు.

శివానందలహరిలో కన్నప్పను కీర్తించే శ్లోకం ఉంది. భక్తి చేయలేనిదంటూ ఏముంది, అడవిలో తిరిగేవాడు భక్తశిఖామణి అయ్యాడు అని అక్కడ ఆశ్చర్యపోవడమే ఉంది తప్ప, కనుక మీరూ అలాగే చేయండన్న విధి లేదు.

మరొక భేదం కూడా గమనించాలి. శైవాగమాలు పూజను తన కోసం చేసుకునే ఆత్మార్థ పూజ అని, అందరి కోసం చేసే పరార్థ పూజ అని రెండుగా విభజిస్తాయి. వైఖానసులు కూడా గృహార్చనను ఆలయార్చన నుంచి వేరుగా చెబుతారు. ఆలయంలో అర్చకుడు ఊరందరి తరఫున నిలబడతాడు కనుక తన ఇష్టానుసారం మార్చే స్వేచ్ఛ ఆయనకు లేదు. అక్కడైనా నియమం అన్నిచోట్లా ఒకటి కాదు. వైష్ణవాగమాలు రెండింటిలో తిరుమలలో వైఖానసం, కొండ కింద తిరుచానూరులో పాంచరాత్రం. గ్రహణ సమయంలో తిరుమల ఆలయం తలుపులు మూస్తారు. శ్రీకాళహస్తిలో గ్రహణ సమయంలోనే ప్రత్యేక అభిషేకం చేస్తారు. ఇంటి పూజ ఆత్మార్థం. అక్కడ కర్త శక్తి, కాలం, ఆరోగ్యం లెక్కలోకి వస్తాయి. ఆలయానికి ఉన్న కాఠిన్యాన్ని ఇంటికి తెచ్చుకోవడం వల్లనే మన కుటుంబాలలో సగం భయాలు పుడుతున్నాయని నా అభిప్రాయం.

తులసికోట:
ఇంతవరకు రాసినవారందరూ పురుషులే అని నా ఊహ, ఎందుకంటే మడితో వండిన మహానైవేద్యాన్ని ఎవరు వండారో ఇప్పటికి ఒక్కరూ అడగలేదు. మా అత్తవారింట అయిదు దశాబ్దాలు మామగారి దేవతార్చన జరిగింది. మామగారు పూజలో గడిపినది గంటయితే, బావిలో నీళ్లు తోడి, తడిచీరతో పొయ్యి వెలిగించి, పిల్లలెవరూ మైల కలపకుండా కాపలా కాసి, మా అత్తగారు అందులో గడిపినది మూడు గంటలు. సాలగ్రామాన్ని తాకే అర్హత లేదన్న ఆవిడ చేతి అన్నమే సాలగ్రామానికి ప్రతిరోజూ నైవేద్యం. మామగారికి పక్షవాతం వచ్చిన తరువాత ఆవిడే తులసి, జలం సమర్పించి, తనకు వచ్చిన నామాలు చెప్పుకునేవారు. మా పురోహితులు చూసి ఏమీ అనలేదు.

గౌతమీతీరం గారి శ్రీమతి విషయంలో ఒక గ్రంథపు మాట కూడా చెబుతాను. 16వ శతాబ్దపు గౌడీయ వైష్ణవ గ్రంథం హరిభక్తివిలాసం ఈ నిషేధవాక్యాలను చర్చించి, అవి దీక్ష లేనివారికి వర్తిస్తాయి తప్ప దీక్ష పొందిన స్త్రీలకు వర్తించవని నిర్ణయించింది. దానిని సంకలనం చేసిన గోపాలభట్టు శ్రీరంగం ప్రాంతంలో పుట్టిన దాక్షిణాత్యుడే. అన్ని సంప్రదాయాలూ దీనిని అంగీకరించవని నాకు తెలుసు. కానీ శాస్త్రం అంతటా ఒకే గొంతుతో కాదన్నదని చెప్పడం మాత్రం సరికాదు.

పాతపంచాంగం:
తులసికోట గారు చెప్పిన శ్రమ సంగతి కాదనలేనిది. స్మార్త సంప్రదాయంలో హరిభక్తివిలాసం ప్రమాణం కాదు కనుక, ఆ విషయం గౌతమీతీరం గారి ఇంటి గురువుగారినే అడగమని నా సూచన. అడగవలసినది బంధువులను మాత్రం కాదు.

నిర్గుణపథికుడు గారు ఎత్తుకున్న వేమన పద్యం గురించి ఒక మాట. భాండశుద్ధి లేని పాకమెందుకని ఆయన అడిగాడు. గిన్నె తోముకోమన్నాడు, వంట మానేయమనలేదు. చిత్తశుద్ధి లేని శివపూజను తప్పుపట్టిన పద్యాన్ని, చిత్తశుద్ధి సంగతి పక్కన పెట్టి శివపూజ ఒక్కటి మానడానికి వాడుకోవడం ఈ కాలంలో బాగా అలవాటయింది.

ఇంతకూ మనం రోజూ చదివే సంకల్పాన్ని కాస్త ఆగి వింటే సగం సందేహాలు తీరతాయి. సంభవద్భిః ద్రవ్యైః, సంభవద్భిరుపచారైః, సంభవతా నియమేన, యావచ్ఛక్తి పూజాం కరిష్యే అంటాము. దొరికిన ద్రవ్యాలతో, కుదిరిన ఉపచారాలతో, సాధ్యమైన నియమంతో, శక్తి ఉన్నంతవరకు చేస్తానని దేవుడి ఎదుట ముందే ఒప్పుకొని కూర్చుంటున్నాము. వినాయక చవితి నాడు పసిపిల్లలు కూడా వినే వాక్యమిది. పూజ మధ్యలో వస్త్రం లేకపోతే అక్షతలు, ఆభరణం లేకపోతే అక్షతలు. ఛత్రచామరాది రాజోపచారాలన్నింటికీ కలిపి ఒక్క గుప్పెడు అక్షతలు. చివర మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం అని లోపాలన్నీ చెప్పి పరిపూర్ణం కావాలని వేడుకుంటాము. విధిని రాసినవారే విధిలో ఇంత వెసులుబాటు పెట్టారు. అయితే ఆ వెసులుబాటు ఆసనం వేసుకొని కూర్చున్నవాడికి దక్కుతుంది; అసలు కూర్చోనివాడు ఏ అక్షతలు వేస్తాడు?

గౌతమీతీరం:
పెద్దల మాటలు ఎంతో ధైర్యమిచ్చాయి. మరో రెండు విషయాలు అడగాలి. మా తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. పిత్రార్జితం కనుక తనకు రెండు సాలగ్రామాలు ఇమ్మంటున్నాడు. రెండవది మా అమ్మగారి సంగతి. డెబ్భై రెండేళ్ల వయసులో, మధుమేహానికి మందులు వాడుతూ, నాన్నగారు పోయినప్పటి నుంచి ప్రతి ఏకాదశికీ నీళ్లు కూడా ముట్టకుండా ఉంటున్నారు. ఆ రోజు మాత్ర కూడా వేసుకోరు. మందు వేసుకుంటే వ్రతభంగమని ఆవిడ నమ్మకం.

పాతపంచాంగం:
మొదటి ప్రశ్నకు వెంటనే చెప్పగలను. రెండూ రెండుగా పంచితే ఇద్దరి దగ్గరా రెండేసి అవుతాయి, రెండు పనికిరావు. ఒకటి ఇచ్చి మూడు ఉంచుకుంటే మూడు బేసి. కనుక నాలుగింటిని ఏ విధంగా పంచినా ఎవరో ఒకరి దగ్గర లెక్క తప్పుతుంది. నాలుగూ ఒకచోటే ఉంచి, తమ్ముడికి పెద్దల ద్వారా మరొకటి సంపాదించి ఇవ్వండి. ఒక్కటి ఏ ఇంటనైనా పూజార్హమే. ఆస్తి పంపకాల కాగితంలోకి దేవతార్చన పెట్టె ఎక్కకుండా ఉండడానికే పూర్వులు ఈ లెక్క పెట్టారేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఇది కేవలం నా ఊహ.

నాడీపరీక్ష:
నేను వైద్యవృత్తిలో ఉన్నాను. గౌతమీతీరం గారి అమ్మగారి విషయం మిగిలిన చర్చ కంటే తొందరపడవలసినది. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ ఆహారం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మానితే అది పెరిగిపోవచ్చు. డెబ్భై దాటినవారిలో నీరు కూడా లేకపోవడం ఇంకొక భారం. ఉపవాసం ఉండాలా, ఉంటే ఆ రోజు మందు ఎంత, ఎప్పుడు అన్నది ఆవిడను చూస్తున్న వైద్యుడితో ముందే మాట్లాడి నిర్ణయించుకోవలసినది, స్వయంగా మానకూడదు.

అయితే వైద్యుడు చెప్పినందువల్ల వ్రతం చెడిందన్న దిగులు ఆవిడకు మిగలకూడదు కనుక ధర్మశాస్త్రం సంగతి కూడా చెబుతాను. వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలో ఒక శ్లోకం ఉంది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం అన్నవి ఆ ఎనిమిది. ఏకాదశి ఉపవాసం ఎనిమిదేళ్లు దాటినవారి నుంచి ఎనభై నిండనివారి వరకు అని ధర్మశాస్త్ర సంకలనాలైన నిబంధ గ్రంథాలు చెబుతాయి కనుక వయసు కారణంగా ఆవిడకు మినహాయింపు రాదు, ఆవిడ కూడా బహుశా అదే అంటారు. ఔషధం కారణంగా మాత్రం తప్పక వస్తుంది. అంతేకాక ఏకాదశి నాడు ఏమి తీసుకోవచ్చో చెప్పే మరో శ్లోకం రాత్రి ఒక్కపూట భోజనం, హవిష్యాన్నం, అన్నం కానిది, పండ్లు, నువ్వులు, పాలు, నీరు అంటూ మెట్లుమెట్లుగా పైకి వెళ్లి చివరకు వాయుభక్షణం దగ్గర ఆగుతుంది. పై మెట్టు శ్రేష్ఠమన్నారు. కింది మెట్టు మీద ఉన్నవాడు వ్రతం చేయడం లేదని అనలేదు.

నైమిశవాసి:
ఏకాదశి ప్రసక్తి వచ్చింది కనుక అంబరీషోపాఖ్యానాన్ని తలచుకోకుండా ఈ చర్చ పూర్తికాదు. భాగవతం నవమస్కంధంలోని ఈ కథను మనం సాధారణంగా సుదర్శన చక్రం కోసం చెప్పుకుంటాము. నాకు మాత్రం చక్రం కంటే ముందు జరిగిన నీటిచుక్క సంగతే ముఖ్యంగా కనిపిస్తుంది.

అంబరీషుడు ఏడాదిపాటు ద్వాదశీవ్రతం చేసి, కార్తికమాసంలో మూడు రాత్రులు ఉపవసించి, యమునాతీరాన మధువనంలో శ్రీహరిని అర్చించి, దానధర్మాలు ముగించి, ఉపవాసం విరమించే పారణకు సిద్ధమైన వేళకు దుర్వాసుడు అతిథిగా వచ్చాడు. భోజనానికి ఒప్పుకొని స్నానానికి నదికి వెళ్లి, ధ్యానంలో మునిగిపోయాడు. ద్వాదశి ఇంకా అర ముహూర్తమే మిగిలి ఉంది. తిథి దాటకుండా పారణ చేయకపోతే వ్రతలోపం. పిలిచిన అతిథి తినకుండా తాను తింటే ధర్మలోపం. రెండు నియమాలూ శాస్త్రసమ్మతమైనవే, రెండింటినీ ఏకకాలంలో నిలబెట్టడం అసాధ్యం. నియమమంటే భక్తికి అడ్డమని, భక్తుడు మనసు చెప్పినట్లు చేయాలని చెప్పదలచుకున్న కథ అయితే ఇక్కడ రాజు ఏదో ఒకటి తెంచేయాలి. అతడు తెంచలేదు. తనకు తాను నిర్ణయించుకోనూ లేదు. పండితులను కూర్చోబెట్టి విచారించాడు. కేవలం నీరు తాగితే అది భుజించినట్లూ అవుతుంది, భుజించనట్లూ అవుతుంది అని వారు చెప్పిన మీదట, అచ్యుతుని తలచుకొని కొద్దిగా నీరు పుచ్చుకొని ముని రాక కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చిన దుర్వాసుడికి నియమాలు తెలియక కాదు. ఆయన చేతిలో అదే నియమం ఎదుటివాడిని పట్టుకోవడానికి వేసిన వల అయింది. జటను పెకలించి కృత్య అనే సంహారశక్తిని పుట్టించడం, చక్రం తరమడం, బ్రహ్మ దగ్గరకూ శివుడి దగ్గరకూ పరుగెత్తడం, నేను భక్తపరాధీనుణ్ణి అని విష్ణువు చేతులెత్తేయడం అందరికీ తెలిసినవే. అంతగా తలచుకోనిది ఒకటి ఉంది. ముని తిరిగి వచ్చేసరికి సంవత్సరం గడిచింది, ఆ సంవత్సరమంతా అంబరీషుడు నీరు మాత్రమే తీసుకొని ఉన్నాడు. వచ్చిన తరువాత ముందు ఆయనకు భోజనం పెట్టి, ఆ తరువాత తాను తిన్నాడు. నియమాన్ని ఒక్క గుక్క మేరకు సడలించుకున్నవాడు ఆ సడలింపు బరువును అతిథి మీద వేయలేదు, తానే మోశాడు. కనుక గౌతమీతీరం గారు మొదట అడిగిన నిర్ణయించవలసినది ఎవరన్న ప్రశ్నకు ఈ కథలో సమాధానం ఉంది. తెలిసినవారిని అడగాలి, అవసరమైనంత మేరకే సడలించాలి, ఆ సడలింపు వల్ల కలిగే కష్టం తన వంతుకు రావాలి.

నారదభక్తిసూత్రాలలో కూడా, నిశ్చయం దృఢపడిన తరువాత సైతం శాస్త్రాన్ని కాపాడుకోవాలని, లేకపోతే పతనమయ్యే శంక ఉందని చెప్పారు. మరోవైపు భాగవతం ఏకాదశస్కంధంలో, భగవత్కథల మీద శ్రద్ధ పుట్టేంతవరకే కర్మలు చేయాలని కృష్ణుడు ఉద్ధవుడికి చెబుతాడు. ఈ రెండు మాటలను సమన్వయం చేయడానికే గౌడీయ వైష్ణవాచార్యుడు రూపగోస్వామి వంటివారు శాస్త్రం చెప్పింది కనుక చేసే వైధీభక్తి అని, ప్రీతి వల్ల అప్రయత్నంగా జరిగే రాగానుగాభక్తి అని రెండు దారులు చూపారు. అంతటి ప్రీతిమార్గాన్ని బోధించిన ఆయనే, శ్రుతిస్మృతి పురాణ పాంచరాత్ర విధులను విడిచిన హరిభక్తి ఉత్పాతానికే దారితీస్తుందన్న శ్లోకాన్ని కూడా తన గ్రంథంలో ఉదాహరించారు.

పదునెట్టాంబడి:
స్వామియే శరణం అయ్యప్ప. ఇంటి ఆరాధన గురించి నాకు అంతగా తెలియదు. దీక్షల గురించి చెప్పగలను. చాలా ఏళ్లుగా మా పేటలో గురుస్వామిగా మాల వేస్తున్నాను. నలభై ఒక్క రోజుల మండల దీక్షలో చన్నీటి స్నానం, నేలపడక, ఒంటిపూట భిక్ష, బ్రహ్మచర్యం, మద్యమాంసాల నిషేధం అన్నీ ఉన్నాయి. ఇవన్నీ ఒకే వరుసలోనివి కావు. చలికి తట్టుకోలేని కన్నెస్వామి, అంటే తొలిసారి మాల వేసినవాడు, గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే నేను పట్టించుకోను. మద్యం విషయంలో మాత్రం మాల తీయించి పంపేస్తాను. ఇరుముడి లేకుండా పద్దెనిమిది మెట్లు ఎక్కడం మామూలు భక్తులెవరికీ లేదు.

నాకు బాధ కలిగించేవి రెండు ఉన్నాయి. సెలవులు లేవని మూడు రోజుల ముందు మాల వేసుకొని బయలుదేరడం ఒకటి. నలభై ఒక్క రోజులు ఇంట్లో భార్యాపిల్లలకు ప్రశాంతత ఇచ్చి, మాల తీసిన రాత్రే సీసా తెరవడం మరొకటి. రెండవవాడు నియమాలన్నీ పాటించాడు, లెక్కలో ఒక్కటి కూడా తప్పలేదు. అయినా నియమం అతని మీదనుంచి వాన నీరులా జారిపోయింది. అలాగని దీక్ష వృథా అని నేను అనను, ఎందుకంటే ఆ నలభై ఒక్క రోజులే ఆ ఇంటికి ఏడాదిలో మిగిలిన ఊరట. ఇంకొకటి. మాల వేసిన తరువాత యజమానిని పనివాడు, పనివాడిని యజమాని స్వామీ అనే పిలవాలి. చన్నీళ్ల కంటే ఈ నియమమే చాలామందికి కష్టంగా ఉండడం నేను చూస్తుంటాను.

దూరతీరం:
విదేశాల నుంచి ఒక చిన్న మాట. ఇక్కడ మంచులో చెప్పులు లేకుండా నడవడం భక్తి కాదు, కాలివేళ్లు పోగొట్టుకోవడం. తిథి విషయంలో మాత్రం చాలామంది హైదరాబాదు పంచాంగం చూసి ఉపవాసం ఉంటున్నారు. ఏకాదశి నిర్ణయం స్థానిక సూర్యోదయాన్ని బట్టి జరుగుతుంది కనుక, మన తేదీకి ఒక రోజు తేడా రావచ్చు. స్మార్తులకు, వైష్ణవులకు మధ్య దశమీవేధ, అంటే ఏకాదశిని దశమి తాకడం, లెక్కలో ఎలాగూ తేడా ఉంటుంది. ఉన్న ఊరి పంచాంగం చూసుకోవాలని గౌతమీతీరం గారి తమ్ముడికి చెప్పగలరు.

నిర్గుణపథికుడు:
నైమిశవాసి గారి వివరణ నన్ను ఆలోచింపజేసింది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. తెలిసినవారిని అడగాలి అన్నారు. శతాబ్దాలపాటు కొన్ని కులాలవారిని గుడి గడప దగ్గర ఆపినప్పుడు తెలిసినవారు ఏమి చెప్పారు? విధిలో ఉన్నదని మీరందరూ చెబుతున్న వెసులుబాటు ఆ తలుపులు తెరవలేదు. 1936లో తిరువాన్కూరు మహారాజు ప్రకటన, 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టం తెరిచాయి. అక్షతలతో సరిపెట్టే ఔదార్యం ఇంటి కర్తకు ఎందుకు దొరికింది, గుమ్మం బయట నిలబడ్డ భక్తుడికి ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నను పక్కన పెట్టి నియమాల అందం గురించి మాట్లాడడం నాకు ఇబ్బందిగా ఉంది.

ఆగమవిద్యార్థి:
ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి ఆగమం వైపు నుంచి తేలికగా తప్పించుకునే సమాధానం ఇవ్వకూడదు. ఆలయప్రవేశం చట్టం వల్ల వచ్చిందన్నది చరిత్ర. పూజావిధానం విషయంలో న్యాయస్థానాలు వేరే గీత గీశాయి. 1954లో శిరూరు మఠం కేసులో కర్మకాండ, ఆచారాలు కూడా మతంలో భాగమేనని సుప్రీంకోర్టు అన్నది. 1972లో అర్చకత్వంలో వంశపారంపర్య హక్కు తొలగింపును సమర్థిస్తూనే ఆగమ నియమాలకు లోబడే నియామకం జరగాలన్నది. సంప్రదాయం లోపల వేరే గొంతు లేదని మాత్రం అనవద్దు. గుడిలోకి రానివ్వని పాణర్ కులంలో పెరిగిన తిరుప్పాణాళ్వారును రాయి వేసి తరిమిన అర్చకుడు లోకసారంగముని చేతనే, ఆయనను భుజాల మీద మోయించి శ్రీరంగనాథుడు తన సన్నిధికి రప్పించుకున్నాడని వైష్ణవులు శతాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో ఒక దళిత భక్తుడిని అర్చకుడు భుజాల మీద మోసుకొని లోపలికి తీసుకువెళ్లినది ఆ కథను అనుసరించే. ఆలస్యంగా జరిగిందని మీరంటే నేను కాదనను.

తులసికోట:
ఆ కథలో నాకు నచ్చేది ఒకటి ఉంది. అక్కడ మారవలసి వచ్చినది నియమం పేరుతో రాయి విసిరినవాడు. తిరుప్పాణాళ్వారు మారలేదు, ఆయన కావేరి ఒడ్డునే నిలబడి పాడుకుంటున్నాడు. ఇప్పుడు గౌతమీతీరం గారి ఇంటికి వద్దాం. ఇన్ని పోస్టులు వచ్చాయి. వారి శ్రీమతి చేయవచ్చునా అన్నదానికి మాత్రం పాతపంచాంగం గారు గురువును అడగమని తప్పించుకున్నారు.

పాతపంచాంగం:
తప్పించుకోలేదమ్మా. నా సంప్రదాయంలో స్పర్శ కూడదు, ఆ మాట నేను మార్చి చెప్పలేను. స్పర్శ లేకుండా దూరం నుంచి తులసి, జలం సమర్పించి, నైవేద్యం పెట్టి, నామాలు చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గౌతమీతీరం గారు డ్యూటీ నుంచి వచ్చిన రోజున మధ్యాహ్నంలోగా స్నానం చేసి అభిషేకం చేయవచ్చు. గురువుగారు స్పర్శకు కూడా అంగీకరిస్తే నాకు అభ్యంతరం లేదు. అంగీకరించకపోతే మీరు ఏమంటారో వినాలని ఉంది.

తులసికోట:
అంగీకరించకపోతే, రాత్రి డ్యూటీ ఉన్న రోజులలో వచ్చి అభిషేకం చేసి వెళ్లే బ్రహ్మచారిని ఒకరిని వారినే పంపమని అడగమంటాను. పూర్వం మా ఊళ్లో కలిగిన ఇళ్లకు అలాగే పురోహితులు వచ్చి దేవతార్చన చేసి వెళ్లేవారు, సంభావన ఇచ్చేవారు. నైవేద్యం మాత్రం ఆ రోజు కూడా ఆవిడే వండుతుంది కనుక, అది కుక్కర్లో వండవచ్చునా లేదా అన్న సంగతి కూడా గురువుగారిని అప్పుడే అడిగి తెలుసుకుంటే మంచిది.